బిళ్ల ఒకటే, పోగులు వేరు

కార్తీకమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మేము సంఘం పఠనాలయంలో పాత సంచికలు సర్దుకుంటూ కూర్చున్నాము. దెగ్లూరు నుండి మన ఆడపడుచు ఒకామె వచ్చింది. వచ్చీ రాగానే చేతిసంచిలో నుండి ఒక రవికెగుడ్డ మూట తీసి బల్లమీద విప్పింది. అందులో మూడు వి.సి.డి.లు, వాటికి తోడు నీలిరంగు డబ్బాలో నిగనిగలాడే కొత్త బిళ్ల ఒకటి ఉన్నాయి.

"కాకా, గిండ్ల మా అవ్వ ఉన్నది" అన్నది.

సంగతి అడిగితే చెప్పింది. 2004 వేసవిలో ఆమె తమ్ముని పెండ్లి ధర్మాబాదులో జరిగింది. తల్లి 2011లో కాలం చేసింది. తల్లివి ఫొటోలు రెండున్నాయట. కాని రెండింటిలోను, కెమెరా ఎదుట నిలబెట్టిన మన పాతకాలపు ఇల్లాండ్రందరి వలెనే, ఆమె ఊపిరి బిగబట్టుకొని కొయ్యబొమ్మలా నిలుచుంది. ఈ వి.సి.డి.లలో అట్లా కాదు. రెండవ బిళ్లలో, మంగళహారతులు అయిన తరువాత, వియ్యపురాలితో ఏదో పరాచికమాడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుంది. మాట సగం వినబడుతుంది, సగం బాజాలో కలిసిపోతుంది. ఆ తల్లి కదులుతూ, మాట్లాడుతూ మిగిలింది ఆ అరనిమిషమే.

మాఘంలో ఈమె కూతురి పెండ్లి. మంటపంలో పెద్ద తెర పెట్టిస్తున్నారు. ఆ తెరమీద అమ్మమ్మ నవ్వు ఒక్కసారి అందరికీ చూపించాలని పిల్ల కోరిక. నగరంలో ఒక దుకాణదారు ఈ వి.సి.డి.లు చూచి, "దీన్ని హెచ్.డి.లోకి మార్చి బ్లూ-రే బిళ్ల మీద ఎక్కించి ఇస్తాము, కొత్త సినిమా లాగ కనబడుతుంది" అని ఆరువేలు అడిగి, మూడువేలు బయానా తీసికొన్నాడట. ఆ నీలిడబ్బా అదే. తక్కిన మూడువేలు కట్టవలెనా వద్దా అని మమ్మల్ని అడగడానికి వచ్చింది.

మా మిత్రుని ఇంట బ్లూ-రే ఆడించే యంత్రం ఉన్నది గనుక ఆ సాయంకాలమే అక్కడికి పోయి చూచాము. బొమ్మ పెద్దగా, నున్నగా, మెరుస్తూ వచ్చింది. మేము తల ఊపబోతున్నాము. ఆమె కాసేపు చూచి, "మా అవ్వ మొకం గింత వెడల్పుండెనా కాకా? ముక్కుపుల్ల ఏమాయె?" అన్నది.

నిజమే, ముక్కుపుల్ల లేదు. పాత వి.సి.డి. పెట్టి చూస్తే, ఆ చోట తెల్లని మెరుపు ఒకటి, చుక్కంత, ఉన్నది. కొత్త బిళ్లలో అది తుడిచిపెట్టుకొని పోయింది. ఆరువేల పనిలో అమ్మ ముక్కుపుల్ల ఎట్లా మాయమైందో తెలుసుకోవాలంటే ఈ బిళ్లల సంగతి మొదటినుండి చెప్పుకోవాలి.

చూపుకు వి.సి.డి., డి.వి.డి., బ్లూ-రే మూడూ ఒకటే. అడ్డకొలత 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు, నడుమ వేలు దూరే కంత. ఈ రూపం మారకపోవడం వల్లనే జనం మోసపోతున్నారని మా అనుమానం. పెద్ద సరుకైతే పెద్ద డబ్బాలో వస్తుందని కన్ను నమ్ముతుంది గదా. భేదమంతా కంటికి ఆననంత సన్నని పనిలో ఉన్నది. మగ్గం ఎరిగిన ఇండ్లలో పుట్టినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఉస్మాన్‌షాహీ మిల్లు కూతతో నిద్రలేచిన ఇండ్లు మన సంఘంలో ఇంకా ఉన్నాయి. 20వ నంబరు నూలుతో నేసిన దుప్పటి, 100వ నంబరు నూలుతో నేసిన చీర పొడవు వెడల్పుల్లో ఒకటే ఉండవచ్చు. అంగుళంలో ఎన్ని పోగులు పడ్డాయన్నదే ప్రశ్న.

తెరమీద బొమ్మకు పోగులంటే చుక్కలు. మన దేశపు కొలతలో వి.సి.డి. బొమ్మకు అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు ఉంటాయి. గుణిస్తే లక్షా వెయ్యి పైచిలుకు. డి.వి.డి.కి 720, 576; అంటే నాలుగు లక్షల పదునాలుగు వేలు దాటుతాయి. హెచ్.డి. అని మనం పిలిచే బ్లూ-రే బొమ్మకు 1920, 1080. మొత్తం ఇరవై లక్షల డెబ్బైమూడు వేల ఆరు వందలు. డి.వి.డి.కి సరిగా అయిదింతలు, వి.సి.డి.కి ఇరవై రెట్లు. 2016 నుండి వస్తున్న 4కే బ్లూ-రేలో దీనికి మరి నాలుగింతలు. అమ్మ ముక్కుపుల్ల వి.సి.డి.లో ఒకటి రెండు చుక్కలే ఎందుకయిందో ఈ లెక్కతోనే తెలుస్తున్నది.

ఇన్ని చుక్కలు అదే బిళ్లలో ఎట్లా పట్టాయి? బిళ్లమీద కంటికి కనబడని గుంటలు ఒక చుట్టవలె, లోపలినుండి బయటికి తిరుగుతూ పోతాయి. సన్నని కాంతికిరణం వాటిమీద పడి, గుంట ఉన్నచోట ఒక తీరుగా, లేనిచోట ఒక తీరుగా తిరిగి వస్తుంది. ఆ రాకపోకలనే యంత్రం అంకెలుగా చదువుకొంటుంది. సీడీలో ఒక వరుసకూ పక్కవరుసకూ నడుమ దూరం 1.6 మైక్రాన్లు. డి.వి.డి.లో 0.74. బ్లూ-రేలో 0.32. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకొంటే, ఆ ఒక్క వెంట్రుక వెడల్పులో సీడీ వరుసలు నలభైకి పైగా, డి.వి.డి.వి తొంభైకి పైగా, బ్లూ-రేవి రెండువందలకు పైగా పడతాయి.

గుంటలు సన్నబరిస్తే చాలదు, వాటిని తడిమే కిరణం కూడ సన్నగా ఉండాలి. దబ్బనంతో జరీ అంచు కుట్టలేము గదా. సీడీని చదివే కాంతి తరంగం పొడవు 780 నానోమీటర్లు, అది కంటికి సరిగా కనబడని పరారుణం. డి.వి.డి.ది 650, ఎర్రని కాంతి. బ్లూ-రేది 405. పేరుకు నీలమన్నా నిజానికి ఊదాకు దగ్గర. తరంగం పొట్టిదైనకొద్దీ కిరణం మొన సన్నబడుతుంది. దానికి తోడు కటకాన్ని కూడ బలపరిచారు. డి.వి.డి. కటకం బలాన్ని 0.60 అని లెక్కకడితే బ్లూ-రేది 0.85. ఈ రెండూ కలిసి కిరణపు చుక్క వైశాల్యాన్ని అయిదోవంతుకు తెచ్చాయి. ఒక పొర డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు పడితే, ఒక పొర బ్లూ-రేలో 25 గిగాబైట్లు పట్టడానికి కారణం ఇదే. రెండు పొరలవైతే 8.5, 50.

చెప్పడానికి ఇంత సులువైన పని చేయడానికి ఎంతో కాలం పట్టింది. ఎర్రకాంతి వెలువరించే స్ఫటికాలు చాలనాళ్లనుండి ఉన్నా, నీలికాంతి ఇచ్చే స్ఫటికం చేతికి చిక్కలేదు. జపానులో అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు గాలియం నైట్రైడ్ అనే పదార్థాన్ని పట్టుకొని సంవత్సరాల తరబడి వేలాడి సాధించారు. నీలిదీపానికి ఈ ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానం వచ్చింది. నకమురా ఒక చిన్న కంపెనీలో ఉద్యోగిగా ఉండి ఈ పని చేశాడు. ఆ పదార్థం నుండి లేజరు కిరణం కూడ రప్పించినవాడతడే. ఇంటింటా వెలిగే తెల్లని ఎల్.ఇ.డి. దీపానికీ, బ్లూ-రే బిళ్లకూ ఇట్లా చుట్టరికం ఉన్నది.

బిళ్ల తయారయ్యాక దానికోసం పెద్ద కంపెనీల నడుమ తగవు వచ్చింది. సోనీ మొదలైనవారు బ్లూ-రే పక్షం. తోషిబావారు హెచ్.డి. డి.వి.డి. అని మరొకటి తెచ్చారు. కిరణం అదే, గాని పొరకు 15 గిగాబైట్లే. రెండూ 2006లో అంగడికి వచ్చాయి. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ వారు ఒక్క బ్లూ-రే వైపే మొగ్గడంతో తోషిబావారు ఫిబ్రవరిలో చేతులెత్తేశారు. మన నాందేడులో ఆ యుద్ధపు చప్పుడు వినబడినట్లు మాకు జ్ఞాపకం లేదు. అప్పటికి మనం వి.సి.డి.ల నుండి డి.వి.డి.లకు మారుతూ ఉన్నాము.

ఆ రోజులు తలచుకొంటే నవ్వు వస్తుంది. అంతకు ముందు టి.వి., వి.సి.ఆర్. రెండూ ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, నిజామాబాదు నుండి రైల్లో వచ్చిన తెలుగు క్యాసెట్లు మూడు వేసికొని, వాడకట్టంతా తెల్లవార్లు చూచేవాళ్లము. తరువాత వి.సి.డి. వచ్చింది. ఒక్కొక్క బిళ్లలో 74 నిమిషాలు. మూడు గంటల పైచిలుకు 'మాయాబజార్' చూడాలంటే మూడు బిళ్లలు. ఘటోత్కచుని సందడిలో మునిగి ఉండగా ఎవరో లేచి బిళ్ల మార్చాలి. 2007లో మోజర్ బేర్ కంపెనీ వి.సి.డి. 28 రూపాయలకు, డి.వి.డి. 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టగానే మన ఇండ్లలో డి.వి.డి.లు గుట్టలు పడ్డాయి. ఆ కంపెనీ కూడ 2018లో దివాలా తీసింది. బజారులో అప్పుడు 'ఒకే డి.వి.డి.లో మూడు సినిమాలు' అని అమ్మేవారు. మనమూ సంబరపడి కొన్నాము. దానిలో మతలబు ఏమిటో ఇప్పుడు చెప్తాము. మన ఆడపడుచు ప్రశ్నకు ఇదీ అవసరమే.

బొమ్మలోని చుక్కలన్నీ ఉన్నవున్నట్లు ఏ బిళ్లలోనూ పట్టవు. సెకనుకు 25 బొమ్మలు గదా. కనుక వాటిని కుదించి వ్రాస్తారు. దూరాన ఉన్న కొడుకు ఉత్తరంలో "ఇక్కడ అందరమూ క్షేమం, మిగతా విషయాలు పోయిన ఉత్తరంలో వ్రాసినట్లే" అని ఒక ముక్కతో సరిపెట్టినట్లు, ఒక బొమ్మ పూర్తిగా వ్రాసి, తరువాతి బొమ్మలలో మారిన భాగాలే వ్రాస్తారు. పీటలమీద వధూవరులు కదలకుండ కూర్చున్నంతసేపు ఈ ఉపాయం బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇంతలో నాలుగు దిక్కులనుండి అక్షింతలు పడతాయి. ఒక్కొక్క గింజ ఒక్కొక్క దారిన పోతుంది. మారనిదంటూ ఏమీ ఉండదు. వ్రాయడానికి చోటు చాలదు. బొమ్మ గళ్లుగళ్లుగా చిట్లిపోతుంది. మన పెండ్లి వి.సి.డి.లలో సరిగా తలంబ్రాల వేళకే వధూవరుల ముఖాలు చదరంగపు పలకలైపోవడం అందరూ చూచినదే. కారణం తెలియక ఎంతమంది ఫొటోగ్రాఫర్లను మనం తిట్టుకొన్నామో!

వి.సి.డి.లో బొమ్మకు సెకనుకు ఇచ్చే చోటు ఒక మెగాబిట్టుకు కొంచెం మించి మాత్రమే. డి.వి.డి.లో 9.8 మెగాబిట్ల దాకా పోవచ్చు. బ్లూ-రేలో 40 దాకా. కాని డి.వి.డి.లో ఆ పూర్తివేగంతో వ్రాస్తే ఒక పొర బిళ్ల గంటకే నిండిపోతుంది. మూడు గంటల సినిమా పట్టాలంటే మూడున్నర మెగాబిట్లకు దిగాలి. ఇక ఒకే బిళ్లలో మూడు సినిమాలంటే బొమ్మ ఏమవుతుందో ఊహించుకోండి. పైన డి.వి.డి. అని అచ్చు వేసినా లోపల సరుకు వి.సి.డి.కి దగ్గరే. బ్లూ-రేకు మరొక వసతి కూడ ఉన్నది. డి.వి.డి.నాటి కుదింపు పద్ధతికన్న నేర్పుగల కొత్త పద్ధతి దానికి దొరికింది. అంటే సంచీ పెద్దది, మడత కూడ సన్నది.

ఇంతవరకు వచ్చాక ఆ ఆడపడుచు మమ్మల్ని ఆపి ఒక మంచి ప్రశ్న అడిగింది. "మరి గా మాయాబజార్ మా అవ్వ పుట్టకముందుదాయె. గది టి.వి.ల అంత సాఫ్ అగుపడతది. 2004ది ఎందుకు అగుపడది?"

అసలు కీలకం ఇక్కడే ఉన్నది. 1957లో మార్కస్ బార్ట్లే 'మాయాబజార్' తీసింది 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద. ఫిల్ములో చుక్కల లెక్క లేదు, సన్నని వెండి రేణువులు ఉన్నాయి. ఆ ఫిల్ము హెచ్.డి. తెర అడిగినదానికన్న ఎక్కువ వివరం దాచుకొని ఉంటుంది. అప్పటి టి.వి.లకు, క్యాసెట్లకు దాన్ని బయటికి తీసే శక్తి లేక మనం అన్నేండ్లు మసకగా చూచాము. తెర మంచిదైనకొద్దీ ఫిల్ము తన దగ్గర ఉన్నది ఇంకొంచెం ఇస్తూ వచ్చింది. 2010 జనవరిలో హైదరాబాదు గోల్డ్‌స్టోన్ వారు ఆ చిత్రానికి రంగులద్ది మళ్లీ విడుదల చేయగలిగారంటే, అద్దడానికి గీత గీతా ఫిల్ములో ఉన్నది గనుకనే. మన రాష్ట్రంలోనే పూణేలో 1964 నుండి జాతీయ చలనచిత్ర భండాగారం ఉన్నది. అక్కడ ఫిల్ము డబ్బాలను చల్లని గదుల్లో పెట్టి కాపాడేది ఇందుకే.

2004 పెండ్లి అట్లా కాదు. దాన్ని తీసింది వీడియో టేపు మీద. పుట్టుకతోనే దానికి నిలువున 576 గీతలే. టేపునుండి వి.సి.డి.కి ఎక్కించినప్పుడు నాలుగింట మూడు వంతుల చుక్కలు పారవేశారు. పారవేసినవి మళ్లీ రావు. లక్ష చుక్కల బొమ్మను తీసికొని ఇరవై లక్షల గళ్లలో పరిచితే, నడుమ ఖాళీలను యంత్రం పక్కవాటిని చూచి పూడుస్తుంది. ముతకబట్టను గంజిపెట్టి ఇస్త్రీ చేస్తే నున్నగా అవుతుంది గాని సన్నదవదు. ఇప్పటి యంత్రాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, ముఖం ఇట్లా ఉండవచ్చునని ఊహించి కనురెప్పలు, పెదవులు తామే చిత్రిస్తున్నాయి. మచ్చలాగ తోచినదాన్ని మచ్చ అని తుడిచేస్తున్నాయి. అమ్మ ముక్కుపుల్ల అట్లా పోయింది. యంత్రానికి అది దుమ్ముచుక్క.

ముఖం వెడల్పుకు కారణం వేరు. పాత టి.వి. తెర నాలుగుకు మూడు పాళ్లు, ఇప్పటిది పదహారుకు తొమ్మిది. పాత బొమ్మను కొత్తతెర నిండా సాగదీస్తే ప్రతి ముఖమూ మూడోవంతు వెడల్పెక్కుతుంది. ఇరుపక్కలా నల్లని పట్టీలు వదిలితే సరిపోయేది. కాని నల్లపట్టీలు కనబడితే "డబ్బిచ్చి సగం తెరేనా" అని గిరాకీ కొట్లాడుతాడట. దుకాణదారులు సాగదీయడంలో మన తప్పు కూడ కొంత ఉన్నదన్నమాట.

ఇంతకూ బ్లూ-రే దండగ అని మేము అనడం లేదు. దాని గొప్ప దానికి ఉన్నది. అయితే సరుకు మొదటనుండి మంచిదై ఉండాలి, తెర తగినంతది ఉండాలి. తెర సంగతికి ఒక లెక్క చెప్తాము. పది అడుగుల దూరంనుండి ఆరోగ్యమైన కన్ను సుమారు 0.9 మిల్లీమీటరుకన్న చిన్న చుక్కలను విడివిడిగా చూడలేదు. పాత 21 అంగుళాల టి.వి.లో డి.వి.డి. చుక్క 0.6 మిల్లీమీటరు. కనుక ఆ టి.వి.కి బ్లూ-రే తెచ్చినా ఫరకు తెలియదు. 55 అంగుళాల తెరమీద డి.వి.డి. చుక్క 1.7 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు కన్ను పట్టేస్తుంది. అదే తెరమీద హెచ్.డి. చుక్క 0.6. తెర పెద్దదైనందువల్లనే మన పాత బిళ్లలు హఠాత్తుగా మసకబారినట్లు తోస్తున్నది, బిళ్లలు మారలేదు. ఇంకొక మాట. యంత్రానికి టి.వి.కి నడుమ పసుపు, ఎరుపు, తెలుపు మొనల పాత తీగలు తగిలించి బ్లూ-రే చూచేవారు మన ఇండ్లలో ఉన్నారు. ఆ పసుపుతీగలోనుండి హెచ్.డి. బొమ్మ పోదు. హెచ్.డి.ఎం.ఐ. తీగ వేయాలి. అమెరికానుండి పిల్లలు తెచ్చిన బిళ్ల ఆడకపోతే యంత్రాన్ని కొట్టకండి. డి.వి.డి.లకు అమెరికా 1వ మండలం, మనది 5వది. బ్లూ-రేలకు వారిది ఏ, మనది సీ. బ్లూ-రే యంత్రం డి.వి.డి.ని మామూలుగా చదువుతుంది, డి.వి.డి. యంత్రం మాత్రం బ్లూ-రేను చదవలేదు.

పాత బిళ్లలు ఇంట ఉన్నవారు ఒక సంగతి తెలిసి ఉండడం మేలు. అంకెలుండే పొర సీడీలో పైభాగాన, పేరు వ్రాసే పక్కకు దగ్గరగా ఉంటుంది. దానిమీద బాల్‌పెన్నుతో 'తమ్ముని పెండ్లి' అని గట్టిగా వ్రాస్తే ఆ వ్రాత పెండ్లిమీదనే పడుతుంది. డి.వి.డి.లో పొర సరిగా నడుమ, రెండు రేకుల మధ్య ఉంటుంది. బ్లూ-రేలో అడుగుపక్కకు ఒకటింట పదోవంతు మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. గీతలకు తట్టుకొనేటట్లు దానికి గట్టి పూత వేస్తారు. ఇది కాక, సినిమా కంపెనీలు అచ్చుపోసిన బిళ్లలు వేరు, ఫొటోగ్రాఫరు తన దుకాణంలో వ్రాసిచ్చినవి వేరు. అచ్చుబిళ్లలో నిజంగా గుంటలుంటాయి. వ్రాసిన సీడీ, డి.వి.డి.లలో ఉండేది రంగుపూత. ఎండ, వేడి, కాలం దాన్ని వెలిసిపోయేటట్లు చేస్తాయి. నాందేడు వైశాఖాలు ఎట్లాంటివో వేరే చెప్పాలా? రేకుల ఇంటి అటకమీద పెట్టిన బిళ్ల ఇరవై ఏండ్లు నిలిచిందంటే అదృష్టమే.

బిళ్లల కాలమే సాగిపోతున్నది. ఎల్.జి. వారు 2024లో బ్లూ-రే యంత్రాల తయారీ ఆపారు. సోనీవారు తాము పుట్టించిన బ్లూ-రేలో వ్రాసుకొనే బిళ్లల తయారీని 2025 ఫిబ్రవరితో ముగించారు. సినిమాలు ఇంటర్నెట్‌లో వస్తున్నాయి. అక్కడ 1080 గీతల బొమ్మకు అయిదు మెగాబిట్ల వేగం చాలునంటారు. బ్లూ-రేలోని నలభైతో పోల్చి చూడండి. అందుకే బొమ్మమీద మక్కువ ఉన్నవారు ఇప్పటికీ బిళ్లలు వెదకి కొంటున్నారు. పెండ్లివారికి మాత్రం ఫొటోగ్రాఫర్లు పెన్‌డ్రైవులు ఇస్తున్నారు.

ఇక మన ఆడపడుచు పని. తక్కిన మూడువేలు కట్టవద్దని చెప్పాము. టేపు దొరుకుతుందేమోనని ఆ కాలపు ఫొటోగ్రాఫరును ధర్మాబాదులో వెదకి పట్టుకొన్నాము. టేపులు ఖరీదు గనుక ఒక పెండ్లిమీద ఇంకొక పెండ్లి తీసేవారమని అతడు ఉన్నమాట చెప్పాడు. ఆమె ముఖం చిన్నబోయింది. లేచి వస్తుండగా అతనికే జ్ఞాపకం వచ్చింది. "షోలాపూరు కాక ఒకాయన డి.వి.డి. అడిగిండు. అప్పట్ల డి.వి.డి. ఉన్నది ఆయనకొక్కడికే" అన్నాడు.

షోలాపూరు కాక అంటే పెండ్లికూతురి పినతండ్రి. ఫోను చేస్తే, ఆయన లేడు గాని కాకి బిళ్ల ఎక్కడున్నదో తెలుసు. బీరువాలో, పట్టుచీరల నడుమ, నలుగకుండ. ఆ చీకటే దాన్ని కాపాడిందని మా ఊహ. మనవడు బస్సులో తెచ్చి ఇచ్చాడు.

మొదటి యంత్రం దాన్ని చదవలేదు. రెండవదీ చదవలేదు. మిత్రుని కంప్యూటరు పాత డ్రైవులో పెడితే గరగర చప్పుడు చేసి, ఆగి, మళ్లీ తిరిగి, గంటన్నరకు అంతా దిగింది. చివరి ఊరేగింపులో నాలుగు నిమిషాలు పోయాయి. మంగళహారతి భాగం చెక్కుచెదరలేదు. దాన్ని రెండు హార్డ్‌డిస్కులకు ఎక్కించాము. ఒకటి దెగ్లూరులో, ఒకటి షోలాపూరులో ఉంచుకొమ్మన్నాము. మార్చడం, నునుపుచేయడం ఏమీ లేదు. ఇరుపక్కల నల్లపట్టీలతోనే పెండ్లిమంటపంలో చూపిస్తారు.

ఆ సాయంకాలం ఆమెకు చూపించినప్పుడు మేము చుక్కల లెక్క మళ్లీ ఎత్తబోయాము, ఆమె వినలేదు. తెరకు దగ్గరగా జరిగి కూర్చున్నది. కొంగు నోటికి అడ్డం పోకముందు ఒక్క క్షణం ముఖమంతా కనబడుతుంది. ముక్కుపుల్ల ఉన్నది. వి.సి.డి.లో తెల్లగా తోచినది ఇందులో ఎర్రరాయి. ఇంకొకటి కూడ ఉన్నది, మేమెవరమూ ఎదురుచూడనిది. డి.వి.డి.లో శబ్దం కొంచెం తేటగా ఉండి, బాజాలో సగం కలిసిపోయిన మాట ముప్పాతిక వినబడింది. "వదినె, మీ పిల్లకు సల్ల చిలుకుడు వస్తదా, లేక..." అన్నంతవరకు. తరువాతిది నవ్వులో పోయింది.

"ఇంకోపారి పెట్టు కాకా" అన్నది.